ఇరవై నాలుగో పవర్ ఫార్వర్డ్

లెక్క పూర్తయింది గానీ సుశ్మిత చెయ్యి కదలడం లేదు. లాప్‌టాప్ తెర మీద ఇరవై నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వాటి మీద రాయాల్సిన వ్యాసం కూడా రాసేసింది. గ్రూపులో పెట్టెయ్యడమే తరువాయి. కానీ అట్టడుగున ఉన్న పేరు దగ్గరే ఆగిపోయింది.

ఆ పేరు వైకుంఠరావు. ఆయన సుశ్మితకు మేనమామ. ఆ సమయానికి పక్క గదిలో మంచం మీద కాలు చాపుకుని, మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని, "ఉషా, టీ పెట్టీసేవేటి?" అని చెల్లెల్ని కేకేస్తున్నాడు.

కాలేజీలో ఉన్నప్పుడు సుశ్మిత, ఆమె క్లాసువాళ్ళు, చుట్టాల పిల్లలు కలిసి పన్నెండుమంది ఒక బాస్కెట్‌బాల్ లీగు పెట్టుకున్నారు. దానికి మైదానం లేదు, బంతి లేదు, చెమట అసలే లేదు. అంతా కంప్యూటర్లోనే. తలొక జట్టు. ఆటగాళ్ళ పేర్లు వాళ్ళే పెట్టి, షూటింగ్ ఎంత, పరుగెంత, బంతి అందుకోవడమెంత అని నూటికి మార్కులు వేస్తారు. ఆ మార్కుల్ని బట్టి ప్రోగ్రామే మ్యాచ్ ఆడించి, ఎవరెన్ని పాయింట్లు వేశారో, ఎవరెన్నిసార్లు బంతి చేజార్చారో చెప్పేస్తుంది. చదువులైపోయి అందరూ ఉద్యోగాల్లో పడ్డా లీగు ఆగలేదు. ప్రోగ్రాం రాసింది సుశ్మితే. ఇంట్లో కూర్చుని చేసే ఆఫీసు పని ముగిశాక రోజూ సాయంత్రం ఆమే మ్యాచ్‌లు నడిపిస్తుంది. జట్లకి ఊళ్ళోని పేటల పేర్లు పెట్టుకున్నారు. ఆమెది గేట్ బజార్ జట్టు. పెద్దమ్మ కొడుకు వేణుది అంకులి జట్టు.

వైకుంఠరావు ముప్పై ఏళ్ళు హైస్కూల్లో గేమ్స్ మాస్టారుగా చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "బంతి ఉన్నాది గదా" అనేవాడు. రిటైరయ్యాక గేట్ బజార్‌లో ఒక మేడ మీద గదిలో ఉండేవాడు. మోకాలి చిప్ప మార్చాక ఆ నిటారు మెట్లెక్కే దారిలేక, చెల్లెలు ఉషారాణి ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని అంకులిలో తన ఇంటికి తీసుకొచ్చేసింది. జీవితమంతా ఈల ఊది పిల్లల్ని పరుగెత్తించిన మనిషికి మంచం అంటే జైలే. టీవీ నచ్చదు. పేపరు పొద్దున్నే అయిపోతుంది. ఇక మిగిలింది చెల్లెలి వంటకి వంకలు పెట్టడం. రెండు వారాలకి ఉషారాణి చేతులెత్తేసింది.

"మీ మావయ్యని నీ కంప్యూటర్ ఆటలో ఎక్కడైనా పడెయ్యవే తల్లీ. లేకపోతే నేను పారిపోతాను" అంది కూతురితో.

అలా ఒకరోజు సుశ్మిత లాప్‌టాప్ పట్టుకుని మావయ్య మంచం పక్కన కూర్చుంది. లీగు సంగతంతా చెప్పి, "నిన్ను కూడా ఆటగాడిగా దించుతాను. నువ్వు బాగా ఆడే రోజుల్లో ఎలా ఉండేవాడివో మార్కులు నువ్వే చెప్పు" అంది. ఎంత వెయ్యమంటాడో తనకి తెలుసనుకుంది. చిన్నప్పటి నుంచీ వింటున్న కథలే కదా. కటకంలో ఒంటిచేత్తో మ్యాచ్ తిప్పేశాడు. జంషెడ్‌పూర్‌లో జనం భుజాల మీద మోశారు. గంజాం జిల్లాలో అంతటి పవర్ ఫార్వర్డ్ పుట్టలేదు. పవర్ ఫార్వర్డ్ అంటే బుట్ట కింద నిలబడి కండబలంతో ఆడే పొడగరి. తగిలి వెనక్కొచ్చిన బంతిని గుంపులోంచి లాక్కోవడం, దొరికితే బుట్టలో వెయ్యడం వాడి పని.

"షూటింగ్ ఎంత వెయ్యమంటావు మావయ్యా?"

వైకుంఠరావు పైకప్పు కేసి చూస్తూ ఆలోచించాడు. "నలభై వెయ్యి."

"నలభయ్యా?"

"ముప్పై ఎనిమిదనాల నిజానికి. నువ్వు మేనకోడలివి గనక రెండు కలిపేను. పరుగు ముప్పై ఐదు. ఎగరడం అడక్కు."

"మరి కటకం మ్యాచో?"

"కథ కథే, లెక్క లెక్కే. లెక్కలో అబద్ధం సెప్తే ఆట పాడైపోతాది గదేటే."

సుశ్మితకు నవ్వొచ్చింది, వెంటనే మావయ్య మీద ఎన్నడూ లేనంత ముద్దూ వచ్చింది. బలం ఒక్కటి మాత్రం తొంభై ఐదు వెయ్యమన్నాడు. అన్నీ రాసుకుని లేవబోతుంటే ఆయన అటు గోడవైపు తిరిగి, "ఇంకొకడున్నాడు, రాసుకో" అన్నాడు. "పేరు నాగరాజు. ఆడూ పవర్ ఫార్వర్డే. షూటింగ్ తొంభై రెండు. సెయ్యి మెత్తన. ఎడం సెయ్యి కూడా అంతే."

"ఎవరు మావయ్యా?"

"ఉన్నాడులే ఒకడు."

ఏ ఆటగాడు ఎవరికి వెళ్ళాలో లీగులో చీటీ తీస్తారు. నాగరాజు సుశ్మిత జట్టుకి, వైకుంఠరావు వేణు జట్టుకి వచ్చారు. అది మొదలు ఆ ఇంట్లో సాయంత్రాల తీరే మారిపోయింది. మ్యాచ్‌ల వేళకి వైకుంఠరావు కర్ర పట్టుకుని హాల్లోకి వచ్చి కూర్చునేవాడు. డాక్టరు నడవమంటే నడవని మనిషి, స్కోరు కోసం నడిచేవాడు. "మనోల్లు గెలిసేరేటి?" అనేవాడు. ఆయన మనోల్లు అంటే వేణు జట్టు. తను ఎన్ని పాయింట్లు వేశాడో మాత్రం ఎన్నడూ అడగలేదు. సుశ్మితా చెప్పలేదు. చెప్పడానికి ఏమంత లేదు కూడా.

లీగులో ఇంకో ఆనవాయితీ ఉంది. వారానికొకరు ఒక్కో స్థానంలో ఆడేవాళ్ళని వరసపెట్టి, ఎవరెందుకు పైనున్నారో రాయాలి. ఈ వారం పవర్ ఫార్వర్డులు సుశ్మిత వంతు. జట్టుకిద్దరు చొప్పున ఇరవై నలుగురు. వేసిన పాయింట్లు, పట్టిన బంతులు, ఇచ్చిన పాసులు కలిపి, అందులోంచి తప్పిన షాట్లు, చేజార్చిన బంతులు తీసేసి, ఆడిన మ్యాచ్‌లతో భాగిస్తే వచ్చేదాన్ని ఎఫిషియెన్సీ అంటారు. మనిషి మైదానంలో ఉన్నందుకు జట్టుకి ఎంత ఫలితం అన్నమాట. నాగరాజుకి ఇరవై ఆరు పైచిలుకు వచ్చింది. లీగులో మొదటివాడు. వైకుంఠరావుకి మూడు.

సుశ్మిత లాప్‌టాప్ ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, మావయ్య లాస్ట్ వచ్చాడు."

ఉషారాణి గరిటె ఆపింది. "ఎందులో?"

సుశ్మిత చెప్పింది. ఉషారాణికి పవర్ ఫార్వర్డూ తెలీదు, ఎఫిషియెన్సీ తెలీదు. ఆఖరు అన్న మాట మాత్రం బాగా తెలిసింది.

"ఓలమ్మ! అన్నయ్యకి ఆ మాట సెప్పీకు. నీ కంప్యూటరే గదా, ఒక అంకె మార్చీ. ఎవులు సూస్తారు?"

"అలా ఎలా మారుస్తానమ్మా?"

"అయితే మొదటోడు ఎవడు?"

"నాగరాజని ఒకడు. మావయ్యే రాయించాడు."

ఉషారాణి స్టవ్ ఆపేసింది. కూతుర్ని పెరటి గుమ్మం దాకా లాక్కెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. గేట్ బజార్‌లో పట్టుచీరల కొట్టు నాగరాజు, వైకుంఠరావు పదిహేనో ఏట నుంచీ ఒకే జట్టు. ఒకే కంచంలో తిన్నవాళ్ళు. వయసు మళ్ళినవాళ్ళ పోటీలని చాలా ఏళ్ళ కిందట పెట్టారు. నాగరాజు కెప్టెన్. కటకం వాళ్ళతో ఫైనల్లో ఆఖరి పది నిమిషాలకి అతను వైకుంఠరావుని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరో కొత్తవాణ్ణి దించాడు. గెలిచారు కూడా. గెలవడమే ఇంకా మండింది వైకుంఠరావుకి. కప్పు ఎత్తుతుంటే ఫోటోలో నిలబడకుండా సైకిలెక్కి వచ్చేశాడు. అంతే, మాటల్లేవు. ఆ తర్వాత గేట్ బజార్‌లోనే కాపురమున్నా, ఎదురుగా నాగరాజు వస్తుంటే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

"ఇప్పుడు నువ్వు కూడా బెంచీ మీద కూకోబెట్టీకే తల్లీ" అంది ఉషారాణి.

సుశ్మిత గదిలోకి వచ్చి తలుపేసుకుంది. అంకెలు మార్చడం తనవల్ల కాదు. కానీ లెక్క కట్టే పద్ధతి మారిస్తే తప్పేముంది? మ్యాచ్‌లతో కాకుండా ఆడిన నిమిషాలతో భాగించి చూసింది. వైకుంఠరావు ఇరవై నాలుగు. పట్టిన బంతులకి రెట్టింపు విలువిచ్చి చూసింది. ఇరవై నాలుగు. తప్పిన షాట్లు అసలు తీసెయ్యకుండా చూసింది. ఆ లెక్కలో వైకుంఠరావుకి, ఇరవై మూడో వాడికి మధ్య దూరం ఇంకా పెరిగింది. మావయ్య షాట్లు వేస్తేగా తప్పడానికి! సుశ్మిత తల పట్టుకుంది.

ఇంతలో తలుపవతల కర్ర చప్పుడయింది.

"ఏటే, ఈ వారం మా పవర్ ఫార్వర్డుల మీదట గదా? వేణుగాడు ఫోన్లో సెప్పేడు. రాసీసేవా? సదువు, ఇంటాను."

ఆయన తలుపు బార్లా తెరిచి, వచ్చి కుర్చీలో సర్దుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలోంచి ఉషారాణి కళ్ళతో వద్దంటోంది. ఇక తప్పదు. సుశ్మిత పైనుంచి మొదలుపెట్టింది. మొదటి పేరు చదవగానే వైకుంఠరావు మొహం వెలిగిపోయింది.

"సెప్పలే? ఆడి సెయ్యి అలాంటిది. ఎంతొచ్చింది? ఇరవయ్యారా! ఇంకా రావాల. ఊఁ, సదువు."

ఒక్కో ఆటగాడి గురించీ రాసింది రాసినట్టు చదువుకుపోయింది సుశ్మిత. ఎప్పుడూ పోయే కరెంటు ఆవేళ పోలేదు. పది దాటింది, పదిహేను దాటింది. ఇరవై మూడో పేరు చదివి ఆగిపోయింది.

"ఇరవై నాలుగు నేనేనా?" అన్నాడు వైకుంఠరావు.

"ఊఁ."

"ఎంత?"

"మూడు."

"సరిగ్గా ఏసినావా లెక్క?"

"నాలుగు రకాలుగా వేశాను మావయ్యా."

వైకుంఠరావు ఒక్కసారి పెద్దగా నవ్వాడు. "నాలుగు రకాలుగానా? పాపం!" అని మేనకోడలి నెత్తి మీద చెయ్యివేసి తడిమాడు. "బాగా రాసేవు. గ్రూపులో ఎట్టీ." అని లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. అన్నం దగ్గర మాత్రం వంకాయ కూరలో ఉప్పు తక్కువైందని గానీ ఎక్కువైందని గానీ ఆయన అనలేదు. ఉషారాణి కూతురి వైపు కొరకొర చూసింది.

పొద్దున్న సుశ్మిత కాఫీ తాగుతుంటే వైకుంఠరావు పిలిచాడు.

"ఆ రాసిందంతా ఆడికి పంపగలవేటి?"

"ఎవరికి?"

"ఎవరికేటి. మొదటోడికి. తన సంగతి తనకి తెలియాల గదా. నేను సెప్పేనని సెప్పకు."

ఉషారాణి దగ్గర నాగరాజు నంబరుంది. ఆమె ఆ కొట్లోనే చీరలు కొంటుంది, అన్నయ్యకి తెలీకుండా. సుశ్మిత నమస్కారం పెట్టి, తను ఫలానా అని చెప్పుకుని, మొత్తం పంపించింది. మధ్యాహ్నానికి, చదివినట్టు ఫోన్లో టిక్కులు పడ్డాయి. జవాబు మాత్రం లేదు. వైకుంఠరావు ఏదో ఒక వంకతో నాలుగైదుసార్లు హాల్లోకి వచ్చి వెళ్ళాడు.

సాయంత్రం వాన మొదలయ్యేసరికి వీధిలో స్కూటరాగింది. తెల్ల పంచె, తడిసిన చొక్కా, పొడుగాటి మనిషి. గేటు తీసుకుని సరాసరి లోపలికి వచ్చేశాడు.

"ఈ లెక్క ఏసిన గుంట ఎవులు?"

ఉషారాణి కంగారుగా వచ్చింది. "నాగరాజన్నయ్యా! రా, కూకో. తువ్వాలు తెస్తాను."

"కూకోడానికి రాలేదు ఉషా. ఎవులేసేరు ఈ లెక్క?"

సుశ్మిత లేచి నిలబడింది. కుర్చీలో వైకుంఠరావు ఉన్నాడు. నాగరాజు ఆయన వైపు కన్నెత్తి కూడా చూడకుండా సుశ్మిత మీద పడ్డాడు.

"వైకుంఠం ఆఖరోడా? నేను మొదటోణ్ణా? ఏటమ్మా ఇది? నువ్వెప్పుడైనా ఆట సూసేవా?"

"ఆయన పాయింట్లు వెయ్యలేదంకుల్..."

"ఆడెందుకేస్తాడు? ఏసేది నేను! నేనెలాగేసేనో అడిగేవా? బంతి ఎయ్యకుండా నన్ను కాసే దున్నపోతుల్లాంటోల్లు ఎప్పుడూ ఇద్దరుండేవోరు. ఉషా, నువ్విలా వచ్చి నించో. నువ్వు నన్ను కాస్తన్నావు."

పాపం ఉషారాణి తువ్వాలు చేత్తో పట్టుకుని హాలు మధ్య నిలబడింది. నాగరాజు పంచె ఎగ్గట్టి, లేని బంతిని నేలకేసి కొడుతూ పక్కకి జరిగాడు. "ఇప్పుడు నేనిటు రావాల. ఈవిడ నా ఎనకే వస్తాది గదా? రా ఉషా, రా! ఇదిగో, సరిగ్గా ఇక్కడ ఆడు అడ్డంగా నించుంటాడు. కదలడు, సెయ్యి ఎత్తడు, గోడే. నన్ను కాసేవోడు ఎల్లి ఆడి గుండెకి గుద్దుకుంటాడు. నేను తీరిగ్గా..." అంటూ నాగరాజు ఎడం చేత్తో లేని బంతిని ఫ్యాను వైపు విసిరాడు. "ఎన్ని దెబ్బలు తిన్నాడో నీకు తెలుసా? పక్కటెముక ఇరిగితే కట్టు కట్టుకుని ఆడేడు. నా ఇరవయ్యారులో సగం ఆడిదే. ఆ లెక్కెక్కడా?"

"దానికి గడి లేదంకుల్" అంది సుశ్మిత మెల్లగా.

"అయితే ఎట్టు!"

"ఎట్టొద్దు." అది వైకుంఠరావు గొంతు. "అది గాని ఎట్టేవంటే ప్రతీవోడూ నించుని నేనూ గోడనే అంటాడు. నువ్వు రాసింది రాసినట్టే ఉండనీ సుశీ. లెక్క సరిగ్గానే ఉన్నాది."

నాగరాజు అప్పుడు చూశాడు ఆయన వైపు. మోకాలి కట్టు, పక్కన కర్ర.

"ఆ మోకాలేనా?" అన్నాడు.

"ఆ మోకాలే."

"ఆ రోజు ఫైనల్లో అప్పటికే సొరకాయలాగ వాచిపోనాది. కుంటుతన్నావు. సెప్తే ఇంటావేటి నువ్వు? అందుకే తీసీసేను."

"అబద్ధం. కొత్తోణ్ణి ఆడించాలని తీసేవు."

నాగరాజు ఉషారాణి చేతిలోని తువ్వాలు అందుకుని తల తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "అదీ ఉన్నాది" అన్నాడు చివరికి. "గెలవాలని ఉన్నాది. నీ మోకాలూ సూసేను. రెండూను."

వైకుంఠరావు కర్రతో పక్క కుర్చీని ముందుకి తోశాడు.

"ముందే సెప్తే పోయేది గదరా. కూకో. తడిసిపోనావు."

ఆ కూర్చున్న మనిషి పెసరట్లు తిని, టీ రెండుసార్లు తాగి, లీగంటే ఏమిటో మొత్తం సుశ్మిత చేత చెప్పించుకున్నాడు. తనూ వైకుంఠమూ వేరు వేరు జట్లలో ఉన్నారని వినేసరికి మళ్ళీ లేచాడు.

"అదేటి? ఆణ్ణి ఎంటనే మన జట్టులోకి తెచ్చీ."

"ఊరికే రారంకుల్. వేణుకి బదులుగా ఎవర్నైనా ఇవ్వాలి."

వేణుకి ఫోన్ చేస్తే వాడు అవసరం పసిగట్టేశాడు. "మావయ్యనా? ఇవ్వడానికి నాకు మనసొప్పదు" అని నాన్చి, చివరికి సుశ్మిత జట్టులో బంతి నడిపే గార్డుని అడిగాడు. లీగు మొత్తంలో అంతటి గార్డు ఇంకొకడు లేడు. ఆఖరి ర్యాంకువాడికి మొదటి ర్యాంకువాణ్ణా! "నీకు మతి పోయిందేటిరా?" అని సుశ్మిత అరిచేలోగా నాగరాజు ఫోన్ లాక్కున్నాడు.

"ఒప్పుకున్నాం బాబూ. రేపట్నించి ఆడు నీవోడు" అని పెట్టేశాడు. సుశ్మిత మావయ్య వైపు చూస్తే, ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నటిస్తున్నాడు. చెవుల దాకా నవ్వు మాత్రం దాగడం లేదు. ఆ నవ్వు చూశాక ఇక గార్డు పోతే పోయాడనుకుంది.

పోయింది గార్డు ఒక్కడే కాదు. ఇద్దరు పాతకాపులూ కలిసి ఆడిన మొదటి మ్యాచ్‌లో గేట్ బజార్ జట్టు చిత్తుగా ఓడింది. రెండోదీ అంతే. లీగులో రెండో స్థానం నుంచి ఎనిమిదికి జారింది. ఓడినప్పుడల్లా ఇద్దరూ కలిసి కంప్యూటర్ని తిట్టేవారు, తర్వాత ఒకరినొకరు తిట్టుకునేవారు. నాగరాజు సాయంత్రమయ్యేసరికి కొట్టు గుమాస్తాకి ఒప్పజెప్పి వచ్చెయ్యడం మొదలుపెట్టాడు. డాక్టరు చెప్పిన నడక ఆయన పర్యవేక్షణలోకి వెళ్ళిపోయింది. "ఒరే, ఈల ఊదాలేటి?" అంటూ నాగరాజు ముందు, "నెమ్మదిరా, ఇది ఇనప మోకాలు" అంటూ వైకుంఠరావు వెనక, అంకులి వీధులన్నీ తిరిగేవారు. ఉషారాణి ఇప్పుడు పట్టుచీరలు అన్నయ్యకి చూపించి మరీ కొంటోంది.

ఒక సాయంత్రం మ్యాచ్‌ల వేళ దాటిపోయింది. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మీట నొక్కడమే తరువాయి. గ్రూపులో మెసేజులు మొదలయ్యాయి. ఇంకా ఎంతసేపని ఒకరు, కరెంటు పోయిందా అని ఒకరు. గేట్ బజార్‌కి ఓడిపోవడానికి తొందరేమిటని వేణు. సుశ్మిత గేటు దాకా వెళ్ళి చూసింది. వీధి చివర దీపం కింద ఇద్దరూ నిలబడి ఉన్నారు. నాగరాజు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. వైకుంఠరావు కర్ర చంకలో పెట్టుకుని, రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడి, ససేమిరా అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇప్పట్లో తెమిలేలా లేరు.

ఆమె లోపలికి వచ్చి, 'ప్లేయర్లు ఇంకా రాలేదు' అని గ్రూపులో పెట్టింది. అమ్మకి సాయంగా పళ్ళాలు తీసి బల్ల మీద పెడుతుంటే, గేటు చప్పుడూ, దాని వెనకే నాగరాజు గొంతూ వినిపించాయి.

"సుశీ! రేపట్నించి ఈణ్ణి కూడా షాట్ ఎయ్యమను. ఎంతకాలం గోడలాగ నించుంటాడు!"